యాప్‌లో లేని పాటలే ముందు

కడపలోనో, అనంతపురంలోనో, కర్నూలులోనో నలభై ఏళ్లుగా పాటలు వింటున్న ఇంట్లో అటక సర్దితే సంగీతం పొరలు పొరలుగా బయటపడుతుంది. అడుగున కాసెట్లు. వాటిలో కొన్ని కంపెనీవి, ఎక్కువ భాగం బజారులోని రికార్డింగ్ సెంటర్‌కు చీటీ రాసిచ్చి ఖాళీ టేపు మీద నింపించుకున్నవి. వాటిపైన నూరేసి, నూటయాభయ్యేసి పాటలు కుక్కిన ఎంపీత్రీ సీడీలు. ఆ పైన సెల్‌ఫోన్ షాపులో డబ్బులిచ్చి పాటలు ఎక్కించుకున్న మెమరీ కార్డులు. అన్నింటికీ చివర, చేతిలోని ఫోనులో చందా కట్టే యాప్. కొత్త పొర వచ్చిన ప్రతిసారీ కింది పొరతో ఇక పని లేదనుకున్నారు. ప్రతిసారీ కొన్ని పాటలు పైకి రాకుండా కిందే ఉండిపోయాయి.

యాప్‌లో కోట్ల పాటలుండగా సొంత సేకరణ దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. సినిమా పాటలు వినడమే పని అయితే చందా కట్టుకోవడం చవక, సుఖం. అయితే యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కి దాచుకున్నది పాట కాదు, తాళం వేసిన పెట్టె. చందా ఆగితే తాళంచెవి పోతుంది. ఆ కంపెనీ దుకాణం కట్టేస్తే పెట్టె కూడా పోతుంది. ఇది ఉత్త భయం కాదు. రెసో అనే పాటల యాప్ 2024 జనవరి చివరితో మన దేశంలో మూతపడింది. ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు అదే ఏడాది ఆగస్టులో ప్రకటించింది. అంతకు చాలా ముందే ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటల అంగడి తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. అయితే ఫ్లైట్ అమ్మింది తాళం లేని ఎంపీత్రీ ఫైళ్లు. అప్పుడు కొని కంప్యూటర్‌లో భద్రంగా పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ పాటలు ఈరోజుకీ మోగుతాయి. అంగడి పోయినా సరుకు మిగిలింది. అద్దెకు, కొనుగోలుకు ఉన్న తేడా ఇంతకన్నా తేటగా తెలియజెప్పే ఉదాహరణ దొరకదు.

ఇది చిన్న కారణం. పెద్ద కారణం వేరే ఉంది. యాప్‌లో ఎప్పుడూ లేని, ఎప్పటికీ వస్తుందన్న నమ్మకం లేని సంగీతం సీమ ఇళ్లలో చాలా ఉంది.

ఏది ముందు?

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా ఇష్టమైన సినిమా పాటలతో మొదలుపెడతారు. మనసుకు అది సహజం. కానీ పని వరుసగా చూస్తే తలకిందులు. ఒక హిట్ పాట వేల ఇళ్లలో, కంపెనీ గిడ్డంగిలో, నాలుగైదు యాప్‌లలో ఉంటుంది. దాన్ని పదేళ్ల తర్వాత తెచ్చుకున్నా దొరుకుతుంది. ఊళ్లో రాత్రంతా ఆడిన బ్రహ్మంగారి నాటకాన్ని ఎవరో టేపు మీద పట్టి ఉంటే, ఆ టేపు ప్రపంచంలో ఒక్కటే. అది పాడైతే మళ్లీ ఉండదు.

అలాంటివి ఎన్ని రకాలో ఒకసారి తలుచుకోవాలి. సురభి నాటక సమాజం పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో ‘కీచక వధ’తో. ఆ గాలి సోకిన ఈ ప్రాంతంలో హార్మోనియం పెట్టె ముందు కూర్చుని రాగం తీసే పద్యనాటక బృందాలకు కొదవ లేదు. కందిమల్లాయపల్లె మఠం చుట్టూ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తత్వాలు పాడే భజన బృందాలున్నాయి. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసులో ఖవ్వాలీ ఉంది. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట వాళ్ల పాటలున్నాయి. ఉరుముల వాయిద్యం, చెక్కభజన, పండరి భజన, గొబ్బి పాటలు, ఒడ్లు దంచేటప్పుడు అవ్వలు పాడిన సువ్వి పాటలు సరేసరి. వీటన్నింటికీ ఎక్కడో ఒకచోట టేపు ఉంటుంది. పాడినవాళ్ల ఇంట్లోనో, గల్ఫ్‌కు పోయిన కొడుకుకు పంపుదామని రికార్డు చేసినవాళ్ల ఇంట్లోనో, మైక్ సెట్ యజమాని గోదాములోనో. శ్రీరామనవమి పందిళ్లకు, పెళ్లిళ్లకు మైకు కట్టేవాళ్ల దగ్గర పాత గ్రామఫోను రికార్డులు, కాసెట్లు గుట్టలుగా ఉండేవి. సేకర్త ముందుగా తట్టవలసిన తలుపు అది.

రేడియో నుంచి పట్టుకున్న టేపులూ ఇదే కోవలోకి వస్తాయి. కడప ఆకాశవాణి మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్‌లో వచ్చిన జానపదాలను, లలిత గీతాలను టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసుకున్న ఇళ్లు ఎన్నో. అసలు టేపు స్టేషన్‌లో ఉందో, దానిమీద మరో కార్యక్రమం ఎక్కించేశారో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. కాబట్టి గరగరలాడుతున్న ఇంటి టేపును తక్కువ చేసి చూడకూడదు.

టేపు నుంచి ఫైలుకు

కాసెట్టును ఫిలిప్స్ 1963లో తెచ్చింది. లోపలి టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. మాట పట్టడానికి పుట్టిన ఈ యంత్రం సంగీతాన్ని ఇంతకాలం మోసిందంటే ఆశ్చర్యమే. దీన్ని డిజిటల్ చేయడంలో అడ్డదారి లేదు. గంట టేపుకు గంట పడుతుంది. అందుకే ఒకసారి చేసేటప్పుడే సరిగ్గా చేయాలి.

మొదట కాసెట్ పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచి ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే విరవాలి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత ధ్వని చెరగకుండా కాపాడేది అదొక్కటే. తర్వాత టేపును ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి. ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకున్న చుట్టలు వదులవుతాయి. ప్రెషర్ ప్యాడ్, అంటే టేపు మీది ధ్వనిని చదివే హెడ్‌కు టేపును అదిమిపట్టే చిన్న మెత్తటి ముక్క, చాలా కాసెట్లలో జిగురు ఎండి ఊడిపోయి ఉంటుంది. సీమ ఎండలకు ఇది మరీ ఎక్కువ. పనికిరాని మరో కాసెట్ నుంచి తీసి అతికించవచ్చు. టేపు తెగితే మామూలు సెల్లో టేపు వేయకూడదు. దాని జిగురు వేడికి పక్కలకు కారి పై చుట్టలను, హెడ్‌ను పాడుచేస్తుంది. ఇందుకోసమే తయారైన స్ప్లైసింగ్ టేపు వాడాలి. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ప్రతి నాలుగైదు టేపులకూ ఒకసారి తుడవాలి. పాత టేపు రాల్చే గోధుమరంగు పొడి చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

యూఎస్‌బీ వైరుతో వచ్చే చవక కాసెట్ కన్వర్టర్లు బజారులో దొరుకుతున్నాయి. వాటి మోటారు వేగం నిలకడగా ఉండదు, స్వరం ఊగుతుంది. ఎవరింట్లోనో మూలపడ్డ మంచి కాసెట్ డెక్‌ను బెల్టు మార్పించి వాడుకోవడం నూరు రెట్లు మేలు. డెక్ వెనుక ఉన్న లైన్-అవుట్ నుంచి వైరు తీసి, ధ్వనిని కంప్యూటర్ అందుకునేలా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె ద్వారా కంప్యూటర్‌కు కలపాలి. ల్యాప్‌టాప్‌కు ఉన్న మైకు రంధ్రంలో గుచ్చితే ధ్వని బద్దలవుతుంది. గుమ్మన్న మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడాలి, చాలాసార్లు దాంతోనే పోతుంది. ఆడాసిటీ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుని, అతి పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా సూచిక మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే గంట టేపుకు దాదాపు ఒక గిగాబైట్ ఫైలు వస్తుంది.

ఒక సూక్ష్మం ఉంది. టేపు పైధ్వని మందంగా, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తే అది టేపు తప్పు కాకపోవచ్చు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ కోణంలో ఉందో, ఇప్పుడు వినిపిస్తున్న యంత్రంలోనూ అదే కోణంలో ఉండాలి. దీన్ని అజిముత్ అంటారు. హెడ్ పక్కనుండే చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పితే తాళాల గలగల ఒక్కసారిగా పైకి తేలుతుంది. ప్రతి టేపుకూ ఈ పని చేయడం విసుగే. కానీ ఒక్కటే ఉన్న టేపుకు తప్పదు.

వేగం సంగతి ఇంకా ఆసక్తికరం. ఊళ్లలో భజనలు, నాటకాలు రికార్డు చేసింది చాలావరకు బ్యాటరీల మీద. రాత్రి గడిచేకొద్దీ బ్యాటరీ బలం తగ్గి టేపు నెమ్మదిగా నడుస్తుంది. అలా నెమ్మదిగా పట్టిన దాన్ని ఇప్పుడు సరైన వేగంతో వేస్తే శ్రుతి పైకి పోతుంది. అందుకే కొన్ని నాటకాల టేపుల్లో తెల్లవారేసరికి రాజుగారి గొంతు సన్నబడి చిన్నపిల్లవాడి గొంతులా వినిపిస్తుంది. నటుడు అలసిపోతే గొంతు దిగాలి గానీ ఎక్కదు కదా.

దీన్ని సరిచేయడానికి పక్కనే సాక్షి ఉంటుంది, హార్మోనియం. దాని రీడ్ల శ్రుతి రాత్రంతా మారదు. టేపు మొదట్లో సా ఏ మెట్టు మీద ఉందో గుర్తించి, చివర్లో ఎంత పైకి పోయిందో కొలిస్తే వేగం తేడా తెలుస్తుంది. ఒక మెట్టు, అంటే అర స్వరం తేడా వస్తే వేగంలో సుమారు 6 శాతం తేడా అన్నమాట. రికార్డరును కరెంటు మీద నడిపి ఉంటే మరో సాక్షి దొరుకుతుంది. టేపు లోపలే సన్నగా పడిన కరెంటు మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత కూడా 50 దగ్గరే ఉండాలి. ఆడాసిటీలో స్పెక్ట్రమ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో చూపే పటం, చూసినప్పుడు అది 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా తిరుగుతోందని అర్థం. ఆ రోజుల్లో గ్రిడ్ కూడా అటూ ఇటూ ఊగేది గనుక దీన్ని వేదవాక్కుగా తీసుకోకుండా హార్మోనియంతో సరిచూసుకోవాలి.

ఇక శుభ్రం చేసే మోజు. శబ్దాన్ని తొలగించే మీటలు ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఎక్కువగా వాడితే టేపు బుసతో (హిస్) పాటు హార్మోనియం తిత్తుల ఊపిరి, గజ్జెల చప్పుడు, జనం ఈల అన్నీ పోయి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. పట్టిన ఫైలును పట్టినట్టే ఒకటి దాచి, శుభ్రం చేసేది దాని నకలు మీద చేయాలి. పదేళ్ల తర్వాత ఇంతకన్నా మంచి పనిముట్లు వస్తాయి. అప్పుడు వాటికి ముడిసరుకు కావాలి.

ఫైలు రకాల గొడవ

దీనిమీద జరిగే వాదాలకు అంతు లేదు గానీ విషయం చిన్నది. సీడీలో ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు, నిమిషానికి పది మెగాబైట్ల పైమాట. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ముఖ్య పాత్రతో తయారైన ఎంపీత్రీ పద్ధతి చెవికి ఆనదనుకున్న భాగాన్ని తీసేసి దీన్ని 128 కిలోబిట్లకు కుదించగలదు. అందుకే ఒక సీడీలో నూటయాభై పాటలు పట్టాయి. తీసేసిన భాగం మళ్లీ రాదు. 2001లో వచ్చిన ఫ్లాక్ అనే పద్ధతి ఏమీ తీసేయకుండా పరిమాణాన్ని సగానికో, కొంచెం ఎక్కువకో తగ్గిస్తుంది. దాచేది ఫ్లాక్‌లో, ఫోనులో వినేది చిన్న ఫైలులో అన్న నియమం పెట్టుకుంటే వాదం అక్కడితో ముగుస్తుంది. బస్సులో కర్నూలు నుంచి కడపకు పోతూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో వినేవారికి ఫ్లాక్‌కు, మంచి ఎంపీత్రీకి తేడా తెలుస్తుందని చెప్పడం గొప్పలకు పోవడమే.

జాగ్రత్తగా చూడవలసింది 320 కిలోబిట్లవని చెప్పుకునే దొంగ ఫైళ్లను. పాత 128 ఫైలును సాఫ్ట్‌వేర్‌లో 320కి మార్చి ‘హై క్వాలిటీ’ అని పేరు పెట్టి తిప్పే అలవాటు చాలాకాలంగా ఉంది. ఫైలు లావెక్కుతుంది గానీ సంగీతం పెరగదు. స్పెక్ట్రోగ్రామ్ చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తే అనుమానించాలి. అయితే పాత గ్రామఫోను రికార్డులు, మీడియం వేవ్ రేడియో టేపులు సహజంగానే అంత పైకి పోవు. అక్కడ గీత లేకపోయినా, ధ్వని కిందే ఆగిపోయినా దాన్ని మోసం అనకూడదు. ఇంకో రకం కల్తీ ఉంది. అలనాటి పాటల మీద కొత్త డప్పులు, ప్రతిధ్వనులు అతికించి అమ్మినవి. వాటిని అసలు పాటగా జమ కట్టకుండా పక్కన పెట్టడం మంచిది.

వివరాల పేదరికం

ధ్వని దాచడం కన్నా కష్టమైనది దాని గురించిన వివరం దాచడం. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట పక్కనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమల సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద దొరికాయి. ముప్పైరెండు వేలు రాశారని ప్రతీతి, దొరికినవి సుమారు పద్నాలుగు వేలు. రేకు మీద సాహిత్యంతో పాటు రాగం పేరు ఉంది. స్వరం లేదు. పాట మాట మిగిలింది, రాగం పేరు మిగిలింది, వరుస పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ సాహిత్యానికి కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. ఆ పనికి పూనుకున్నవారిలో ముందువరుసలోని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మది అనంతపురం జిల్లా రాళ్లపల్లి.

ఇప్పుడు అదే కీర్తన ఫైలును ప్లేయర్‌లో తెరిచి ‘కంపోజర్’ గడిలో ఏం రాయాలో ఆలోచించాలి. అన్నమయ్య అని రాస్తే స్వరకర్త మాయమవుతాడు. స్వరకర్త పేరు రాస్తే అన్నమయ్య పాటల్లో ఇది తేలదు. పైగా ఒకే సంకీర్తనను ఇద్దరు ముగ్గురు వేర్వేరు రాగాల్లో కట్టి ఉంటారు. ప్లేయర్ల గడులన్నీ పాశ్చాత్య పాటల కోసం గీసినవి. అక్కడ గాయకుడే రాజు, ఆల్బమే కోట. మన సినిమా పాటకు సంగీత దర్శకుడు, గీత రచయిత, ఇద్దరు గాయకులు, సినిమా పేరు, సంవత్సరం కావాలి. కీర్తనకు వాగ్గేయకారుడు, స్వరకర్త, రాగం, తాళం కావాలి. నాటక పద్యానికి పాత్ర పేరు కూడా కావాలి. అదృష్టవశాత్తు గడులు మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి. ఎంపీత్రీ ట్యాగుల్లో, అంటే ఫైలు లోపలే ఉండే ఈ వివరాల గడుల్లో, సాహిత్యకారుడికి విడిగా గడి ఉంది, చాలా ప్లేయర్లు దాన్ని చూపించవు అంతే. ఫ్లాక్‌లోనైతే కావలసిన పేరుతో కొత్త గడి తెరుచుకోవచ్చు. గడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, లోపల రాసేది తెలుగులో ఉండవచ్చు. యుగళగీతాలున్న సినిమా ఆల్బమ్ ప్లేయర్‌లో ముక్కలు ముక్కలుగా చీలిపోతుంటే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో సంగీత దర్శకుడి పేరు అన్ని పాటలకూ ఒకేలా రాస్తే మళ్లీ ఒకచోట చేరుతుంది.

లిపి ఎంపికలో తెలుగే రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క ‘ఏ’ను ముగ్గురు మూడు విధాలుగా రాస్తారు, దీర్ఘాలను రాస్తే రాస్తారు, లేకపోతే లేదు. అలా పేరు పెట్టిన సేకరణలో ఒకే గాయకుడు నలుగురై కూర్చుంటాడు. కానీ తెలుగుకు చోటు ఎక్కువ పడుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. ‘కృష్ణ’ చూడటానికి రెండే అక్షరాలు, కంప్యూటర్‌కు మాత్రం క, ఋకారం గుర్తు, ష, పొల్లు, ణ కలిపి అయిదు సంకేతాలు, 15 బైట్లు. తొలితరం ఎంపీత్రీ ట్యాగులో పాట పేరుకు ఇచ్చింది మొత్తం 30 బైట్లు. కృష్ణా కృష్ణా అని రెండుసార్లు తలుచుకోవడానికి కూడా చాలదు. పాత సీడీల్లో తెలుగు లిపి పేర్లు అంతగా కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇప్పటి ట్యాగులకు ఆ హద్దు లేదు. ఫైలు పేరుకు మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంది, అంటే 85 తెలుగు సంకేతాలు. పల్లవి మొత్తం ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవాళ్లు ఎక్కడ దెబ్బతింటారో ఇక్కడ తెలుస్తుంది. ఫైలు పేరు పొట్టిగా, అంకెతో మొదలయ్యేలా ఉంచి వివరమంతా ట్యాగులో రాయడం క్షేమం.

ఇంటి టేపుల విషయంలో ట్యాగులు కూడా చాలవు. ఒక చిన్న రాత ఫైలు జతగా ఉండాలి. ఏ నాటకం, ఎన్నో టేపు, ఏ వైపు, ఏ ఊరు, ఏ పండుగ, హార్మోనియం ఎవరు, మద్దెల ఎవరు, రికార్డు చేసింది ఎవరు, టేపు ఎవరి ఇంటిది, ఫైలుగా మార్చింది ఎప్పుడు, వేగం ఎంత సరిచేశారు. రాత్రంతా నడిచే నాటకానికి తొంభై నిమిషాల సీ-90 కాసెట్లు అయిదారు పడతాయి. టేపు తిప్పిన ప్రతిచోటా పద్యం మధ్యలో ఒక అర నిమిషం పోయి ఉంటుంది. ఆ ఖాళీ ఎక్కడుందో రాసి ఉంచితే విన్నవాళ్లు ఫైలు పాడైందని అనుకోరు. కాసెట్ పెట్టెలోని అట్టను రెండు వైపులా ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వేయాలి. దానిమీద నీలి సిరాతో రాసిన నాలుగు ముక్కలే చాలాసార్లు ఉన్న ఒకే ఒక్క ఆధారం. ఈ వివరాలు చెప్పగలిగే పెద్దల వయసు ఎంతో గుర్తుంచుకుంటే ఏ పని ముందు చేయాలో తేలిపోతుంది. టేపు ఇంకో రెండేళ్లు ఆగుతుందేమో గానీ ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు ఆగకపోవచ్చు.

వాట్సాప్‌లో వచ్చిన పాటలది మరో చిక్కు. వాటి పేర్లలో తేదీ, వరుస సంఖ్య ఉంటాయి. ఆ తేదీ ఫోనుకు చేరిన రోజు, పాడిన రోజు కాదు. పైగా అవ్వ పాటను మైకు గుర్తు నొక్కి వాయిస్ మెసేజ్‌గా పంపితే అది మాటకు సరిపోయేంతగా కుదిరిపోయి వస్తుంది. ముందు ఫోను రికార్డర్‌లో మంచి నాణ్యతతో పట్టి, ఆ ఫైలును డాక్యుమెంట్‌గా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ ఒక్క మాట చుట్టాలందరికీ ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఒకే పాట ఏడు చోట్ల ఉండటం ప్రతి సేకరణలోనూ మామూలే. ధ్వని వేలిముద్ర తీసి ఒకేలా ఉన్నవాటిని పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, సినిమా పాటల వరకు బాగానే పనిచేస్తాయి. తత్వాలకు, కీర్తనలకు మాత్రం పేరు ఒక్కటైనంత మాత్రాన చెరపకూడదు. కడపలో పనిచేసిన, వేమన పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి పాఠాలు సరిపోల్చిన తర్వాతే 1829లో అచ్చు వేశారు. ఒక తత్వం రెండు ఊళ్లలో రెండు చరణాల తేడాతో వినిపిస్తే అవి రెండు నకళ్లు కావు, రెండు పాఠాలు.

చట్టం ఎంతవరకు

ఈ విషయంలో అమాయకత్వం, అతిభయం రెండూ కనిపిస్తాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుపై హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1960లో విడుదలైన గ్రామఫోను రికార్డుపై ఆ హక్కు 2020 డిసెంబరుతో తీరింది. అయితే అందులోని సాహిత్యం, సంగీతం వేరే హక్కులు. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటాయి. కాబట్టి రికార్డు పాతదైనంత మాత్రాన పాట మొత్తం అందరిదీ అయిపోదు. సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. కొన్న కాసెట్టును ఇంట్లో వినడానికి ఫైలుగా మార్చుకోవడానికి జనం ఆశ్రయించేది దీన్నే. ఆ ఫైలును నలుగురికీ పంచితే, అమ్మితే ఈ నీడ ఉండదు. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి డబ్బు తీసుకోవడం ఎంత మామూలైపోయినా చట్టం దృష్టిలో మామూలు కాదు.

జానపద కళాకారుల సంగతిలో చాలామంది మరిచిపోయేది ప్రదర్శకుల హక్కు. పాట ఎవరిదో తెలియకపోయినా, పాడినవారికి తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కు ఉంది. ఊరి భజనను రికార్డు చేసి దాచుకోవడానికి ముందు అడగడం, ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంటే మళ్లీ విడిగా అడగడం, ఒప్పుకున్న మాటను రాత ఫైలులో రాయడం, వాళ్లకో ప్రతి ఇవ్వడం. ఇవి చట్టం కోసమే చేయనక్కరలేదు.

కొనుక్కోదలచినవారికి తాళం లేని దారులు ఇంకా ఉన్నాయి. ఐట్యూన్స్ స్టోర్ 2009లోనే పాటలకు తాళం తీసేసింది, మన దేశంలో 2012 డిసెంబరులో తెరుచుకుంది. పాత ఆడియో సీడీలు అన్నింటికన్నా మేలు. నాణ్యత పూర్తిగా ఉంటుంది, అట్ట మీద వివరాలూ ఉంటాయి. ఇంట్లో సీడీ డ్రైవ్ ఉన్న చివరి కంప్యూటర్ మూలపడకముందే ఆ పని ముగించుకోవాలి.

ఎండలో భద్రం

కోస్తా ఇళ్లలో టేపుకు శత్రువు బూజు, ఇక్కడ వేడి, దుమ్ము. నడివేసవిలో కర్నూలు, కడపల్లో ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకు పోతుంది. రేకుల కప్పు కింది అటక లోపలి వేడి అంతకన్నా ఎక్కువే. కాసెట్ పెట్టెలు వంకరపోయేది, జిగుర్లు ఊడేది అక్కడే. డిజిటల్ చేసిన తర్వాత కూడా అసలు టేపును పారేయకుండా కింది గదిలో, చెక్క బీరువాలో, స్పీకర్లకు దూరంగా నిలబెట్టి ఉంచాలి. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు దాచడానికి పనికిరావు. వాటిలో సమాచారం సన్నని విద్యుదావేశంగా ఉంటుంది, కరెంటు తగలకుండా వేడిలో పడి ఉంటే తొందరగా జారిపోతుంది. అవి మోసుకుపోవడానికి మాత్రమే.

దాచడానికి హార్డ్‌డిస్కే ఇప్పటికీ చవక. ఒక టెరాబైట్‌లో 320 ఎంపీత్రీ పాటలు లక్ష దాకా పడతాయి. ఇంటి టేపులు నూరు గంటలున్నా పట్టినవి పట్టినట్టు అందులో సుమారు పదో వంతే. కాబట్టి డిస్కు పరిమాణం సమస్య కాదు, డిస్కుల సంఖ్య సమస్య. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి మరో ఊళ్లో అన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి. అనంతపురంలో ఉండేవారి మూడో ప్రతి బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురి ఇంట్లో ఉంటే దొంగతనం, నిప్పు, పిడుగు మూడింటికీ జవాబు దొరికినట్టే. మొత్తం జాబితాను మామూలు టెక్స్ట్ ఫైలుగా కూడా ఒక ప్రతి ఉంచాలి. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ మారినా, కంపెనీ పోయినా అది తెరుచుకుంటుంది.

మూడు ప్రతులున్నా అందులో ఏది చెడిందో తెలియకపోతే లాభం లేదు. ఇక్కడ ఫ్లాక్ మరో మేలు చేస్తుంది. ఫైలు తయారయ్యేటప్పుడే లోపలి ధ్వనికి సరిపోయే ఎండీ5 సంఖ్య, అంటే వేలిముద్ర లాంటి లెక్క, ఒకటి అందులో రాసి పెడుతుంది. ఫ్లాక్ పరీక్ష నడిపితే ఇప్పటి ధ్వనిని విప్పి ఆ సంఖ్యతో పోల్చి, ఒక్క బిట్ మారినా చెప్పేస్తుంది. ఎంపీత్రీలో ఈ సౌకర్యం లేదు, వాటికి విడిగా ఇలాంటి సంఖ్యల (చెక్‌సమ్) జాబితా చేసుకోవాలి. ఏడాదికి ఒకసారి, చల్లటి నెలల్లో, రెండో డిస్కును తగిలించి ఈ పరీక్షను రాత్రి మొదలుపెట్టి వదిలేస్తే తెల్లవారేసరికి ఫలితం ఉంటుంది. తప్పు తేలిన ఫైలును మిగతా ప్రతుల్లో చెడనిదాని నుంచి తిరిగి వేసుకుని, ఏ తేదీన మార్చారో దాని రాత ఫైలులో ఒక వరుస చేర్చాలి. ఒకే డిస్కులో తప్పులు రెండు మూడు కనిపిస్తే ఫైళ్లను కాదు, డిస్కునే మార్చాలి.